గంధం చెదరలేదు

వేణు అబద్ధం చెప్పడం లేదు. పోతులయ్యకు ఒళ్లు మండుతున్నది అందుకే. అబద్ధం చెప్పేవాణ్ణి ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. అడిగినంతవరకే నిజం చెప్పి నోరు మూసుకునేవాడు చేతికి దొరకడు.

జీపు హిందూపురం దాటి, ధర్మవరం దారిలో, సోమందేపల్లి వైపు పోతూ ఉంది. ముందు సీట్లో డ్రైవరు పక్కన పోతులయ్య. వెనక సీట్లో వేణు, ఒళ్లో తోలుసంచి పెట్టుకుని, పెళ్లిచూపులకు పోతున్నవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. హిందూపురంలో అతనికి కంప్యూటర్ల అంగడి ఉంది. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీయించే రామప్పకు పెద్ద కంప్యూటర్ అమ్మింది అతనే.

ఆ రామప్ప ఇప్పుడు హిందూపురంలో ఒక ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. మంగళవారం సాయంత్రం తన డిజైన్ సెంటరు వెనక గదిలో ఎవరో ఇనపకడ్డీతో తల వెనక కొట్టారు. ముందు గదిలో పనిచేసే స్వప్న అనే అమ్మాయిని నిన్న పోలీసులు పట్టుకెళ్లారు. ఈరోజు సాయంత్రం కోర్టులో పెడతారు.

ఆమె తండ్రి ఈరన్న మగ్గం నేసే మనిషి. నిన్ననే హిందూపురం వచ్చి పోతులయ్య డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. "ఒక్కసారి జైలు గడప తొక్కితే నా బిడ్డను ఇంక ఎవరూ పనిలోకి పిలవరప్పా. అది జైలుకు కూడా ఏడుస్తాలేదు. మామిడిపిందెల అంచు సగంలో ఉండాది, సేవ్ చేయకుండా లేచినా, ఎవురైనా ఆపేస్తే పోతాది నాయనా అని ఏడుస్తాండాది" అన్నాడు.

పోతులయ్యకు ఏడ్చేవాళ్లంటే సరిపడదు. కానీ ఏ మాటకు ఏడుస్తున్నారో మాత్రం గుర్తుపెట్టుకుంటాడు.

"మళ్లీ చెప్పు" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"ఎన్నిసార్లు చెప్పల్ల సార్? సి.ఐ. సారుకు రాసిచ్చినా కదా."

"ఆయనకు రాసిచ్చినావు. నాకు నోటితో చెప్పు."

వేణు నిట్టూర్చాడు. "ఆ కంప్యూటర్లో ఉండే ప్రాసెసర్‌కు పుట్టుకతోనే ఒక రోగం ఉండాది సార్. ప్రాసెసర్ అంటే దాని మెదడు. మామూలుగా అర్థంలేని ఆజ్ఞ ఇస్తే, ఇది నాకు తెలీదు అని తోసేస్తాది. ఈ రకం మాత్రం ఒక తప్పుడు ఆజ్ఞకు బిగుసుకుపోతాది. ఇంక ఏ కీ నొక్కినా పలకదు. దానికి తగిలించిన తెరలన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. పోయినేడు చివర్లో బయటపడింది. లోకమంతా గోల."

"ఆ ఆజ్ఞ ఎవరివ్వొచ్చు?"

"ఎవురైనా. చిన్న ప్రోగ్రామ్ చాలు. టైం పెట్టి కూడా పోవచ్చు, అలారం పెట్టినట్ల."

"బిగుసుకున్నాక?"

"పెట్టె మీద మీట నొక్కి లేపల్ల. లేదంటే కరెంటు తీయల్ల. వేరే దారి లేదు."

"బయటినుంచి చూస్తే తెలుస్తుందా?"

"తెలీదు సార్. ఫ్యాను తిరుగుతానే ఉంటాది, పచ్చలైటు వెలుగుతానే ఉంటాది. తెరముందు కూర్చుని పని చేసేటోళ్లకే తెలిసేది."

సి.ఐ. మద్దిలేటి కేసంతా దీనిమీదే కట్టాడు. ముందు గదిలో రెండు తెరలు. ఒకదాని దగ్గర స్వప్న, రెండోదాని దగ్గర రామప్ప మేనల్లుడు తిరుపాల్. రెండూ ఒకే పెద్ద పెట్టెతో నడుస్తాయి. సెంటరులో గీసిన డిజైన్లు కొన్ని నెలలుగా దొంగచాటుగా బెంగళూరు చేరుతున్నాయి. దొంగ ఎవరో తెలిసిందని, రేపు చెబుతానని రామప్ప మంగళవారం పొద్దున అందరిముందూ అన్నాడు. ఆ సాయంత్రమే దెబ్బ పడింది.

తిరుపాల్ చెప్పింది ఇది: ఆరున్నరకు కంప్యూటర్ బిగుసుకుపోయింది, నా కళ్లముందే, ఇంక పని లేదని టీకి రైల్వే స్టేషను దాకా పోయినాను, స్వప్న ఒక్కతే ఉండింది. స్వప్న చెప్పింది వేరు: ఏమీ బిగుసుకోలేదు, తిరుపాల్ ఆరుగంటలకే పోయినాడు, రామప్ప సారు వాళ్లమ్మ కేక వేసేదాకా నేను అంచు గీస్తానే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున వేణు వచ్చి చూస్తే కంప్యూటర్ నడుస్తూనే ఉంది. పైగా స్వప్న పేరు మీద ఆ తప్పుడు ఆజ్ఞ ప్రోగ్రామ్ దొరికింది. ఇంకేం కావాలి? తిరుపాల్‌ను బయటికి పంపడానికి స్వప్న కంప్యూటర్‌ను బిగించింది, రామప్పను కొట్టింది, తర్వాత మీట నొక్కి లేపి, గీస్తూనే ఉన్నానని బొంకింది. సి.ఐ. లెక్క అది.

సోమందేపల్లిలో గొర్రెలు రోడ్డుకు అడ్డం పడ్డాయి. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. పోతులయ్య చూపు ఊరికే స్టీరింగు మీద పడింది. ఆయుధ పూజకు పెట్టిన గంధం, కుంకుమ. అంచుల్లో అలాగే ఉన్నాయి. నడుమ బొటనవేలు ఆనేచోట మాత్రం రాలిపోయి నల్లటి హారన్ బయటపడింది.

పెనుకొండలో జీపు ఆపించి ఎస్టీడీ బూతులోకి పోయాడు. ఆస్పత్రికి ఫోన్ చేసి రామప్ప భార్య చిన్నమ్మను పిలిపించాడు.

"పక్కన ఎవరున్నారమ్మా?"

"తిరుపాల్ ఉన్నాడు సార్. పాపం, నాలుగు దినాలుగా కదల్లేదు పిల్లోడు."

"అతన్ని వెంటనే ధర్మవరం పంపండి. కంప్యూటర్ విప్పుతున్నారు, సాక్షి కావాలంట అని చెప్పండి. అతని చేతిమీదుగా రామప్పకు నీళ్లు కూడా పొయ్యనీయొద్దు."

అవతల చిన్నమ్మ గొంతు సన్నగా వచ్చింది. "అట్లనా సార్?"

"ఎట్లో నాకింకా తెలియదు. మీరు మాత్రం మంచం వదలొద్దు."

అనుమానానికి ఆధారమేమీ లేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు, ఒకరు లాకప్పులో ఉన్నారు, ఇంకొకరు మంచం పక్కన ఉన్నారు. అంతే.

జీపు దగ్గర వేణు సోడా తాగుతున్నాడు. ఆ ముఖం చూస్తే పోతులయ్యకు ఇంకో ముఖం గుర్తొచ్చింది. ఆరేళ్లయింది. వీపులో నొప్పి అంటే తన భార్యకు నొప్పిమాత్ర రాసిచ్చిన డాక్టరు. ఆమె పోయిన తర్వాత నిలదీస్తే, గుండె సంగతి మీరు అడగలేదు కదా అన్నాడు. పోతులయ్య అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

* * *

డిజైన్ సెంటరు గుమ్మంలోనే మద్దిలేటి ఎదురయ్యాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం, చేతిలో కంప్యూటర్ల పత్రిక.

"ఏమప్పా డిటెక్టివూ, పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు అయిపోయినాయా? అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి కోపమా, ఇంక అవేమీ లేవా హిందూపురంలో?"

"ఉన్నాయి. మీవాళ్లింటి సంబంధం కూడా వచ్చింది. అబ్బాయి పనికిరాడని రాసిచ్చినాను."

వెనక కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. మద్దిలేటి నవ్వలేదు. "అరగంట ఇస్తా. తర్వాత ఆ పిల్లను కోర్టుకు తీసకపోవల్ల. దేన్నీ ముట్టొద్దు."

"ముట్టను. చూస్తాను."

ముందు గదిలో రెండు బల్లలు, రెండు నల్లటి తెరలు. అద్దాల తలుపు వెనక పెద్ద పెట్టె. పచ్చలైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. పక్కనే చిన్న తెర, కీబోర్డు. గోడ అవతల మగ్గాల చప్పుడు ఎంత గట్టిగా ఉందంటే, వెనక గదిలో మనిషి పడినా ఇక్కడికి వినపడదు.

పోతులయ్య పెట్టె ముందు గొంతుకూర్చున్నాడు. పెట్టెకు మూడు వేళ్లతో అడ్డంగా గీసిన విభూతి. తెరకు బొట్టు. పెట్టె ముందువైపు గుండ్రటి మీట, దాని కింద ఇంకో చిన్న మీట. రెండింటినీ కలిపి మందంగా గంధం, గంధం మీద కుంకుమ. గంధం ఎండి, మీటలనూ వాటి చుట్టూ ఉన్న సందునూ దాటి పెట్టెకు అతుక్కుపోయింది. గోరంత బీట కూడా లేదు.

అతను చాలాసేపు లేవలేదు.

"ఏమబ్బా, దండం పెట్టుకుంటాండావా?" అన్నాడు మద్దిలేటి.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

గడపలో కూర్చున్న ముసలామె తలెత్తింది. రామప్ప తల్లి రామసుబ్బమ్మ. "నేనే నాయనా. పోయిన వారం, ఆయుధ పూజ దినం. నా చేత్తో అరగదీసిన గంధం."

"కంప్యూటర్ ఆపి పెట్టావా అవ్వా?"

"ఆపల్ల అన్నాడు తిరుపాల్. ఆపితే మల్ల లేస్తాదో లేదో అని నా కొడుకు ఆపనియ్యల్యా. మనిషికి గుండె ఆపి బొట్టు పెడతామా ఏమి? నడస్తా ఉండంగానే పెట్టినా. చిన్నదానికీ పెద్దదానికీ, ఏదీ వదల్లే."

"కరెంటు ఎక్కణ్ణుంచి?"

"బ్యాటరీల పెట్టె నా కొడుకు పండుకునే గదిలో ఉండాది. ఆ గది బీగంచెవి ఈడ." నడుము దగ్గర చీర కుచ్చెళ్లు తట్టింది. "కరెంటు పోయినా ఇది ఆగదు. నా కొడుకు పడినప్పటినుంచి ఆ గది ఎవురికీ తీయల్యా, పోలీసులకు గూడా."

పోతులయ్య లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "సి.ఐ. గారూ, స్వప్న మీట నొక్కి కంప్యూటర్‌ను లేపిందన్నారు. ఏ మీట?"

మద్దిలేటి వంగి చూశాడు. ఆ బొట్టును అతను నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాడు. ఈ ఊళ్లో మగ్గానికీ, మోటారుకూ, స్టేషన్లో తుపాకులకూ ఉన్నదే కదా అని చూడనట్టే వదిలేశాడు. అతని మెడ కొంచెం ఎర్రబడింది.

"తుడిచేసి మళ్లీ పెట్టి ఉండొచ్చు."

"నేను అరగదీసిన గంధం దానికి యాడ దొరుకుతాది సామీ?" అంది అవ్వ. "ఆ పొద్దు మిగిలిందంతా మగ్గాలకు పూసేసినా."

"మీట నొక్కలేదు. కరెంటు తీయలేదు. అంటే కంప్యూటర్ బిగుసుకోనే లేదు" అన్నాడు పోతులయ్య. అప్పుడు వేణు వైపు తిరిగాడు. "రోగం ఉన్న ప్రాసెసర్. తప్పుడు ఆజ్ఞ ఇచ్చారు. అయినా బిగుసుకోలేదు. ఎందుకు?"

వేణు తోలుసంచి పట్టీ వేలికి చుట్టుకుంటున్నాడు.

"సి.ఐ. గారు నిన్ను రోగం ఉందా అని అడిగారు. ఉందన్నావు. నేను రోగమేంటని అడిగాను. చెప్పావు. ఇప్పుడు మూడోది అడుగుతున్నాను. దీనికి మందు ఉందా?"

"ఉండాది సార్" అన్నాడు వేణు నేలచూపులు చూస్తూ. "రోగం చిప్పులో ఉండాది, అది పోదు. కానీ కంప్యూటర్‌ను నడిపించే సిస్టం ఉంటాది కదా, దానికి కొత్త సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. అది కాపలా ఉంటాది. తప్పుడు ఆజ్ఞ వస్తే పట్టుకుని ఆ ప్రోగ్రామ్‌నే చంపేస్తాది. ప్రాసెసర్‌కు ఏమీ కాదు."

"వేసినావా?"

"వేసినా. పూజకు రెండు దినాల ముందు."

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్తే, రోగమున్న చిప్పు అమ్మినావు, మార్చియ్యి అంటాడు రామప్ప. నేను యాడినుంచి తెచ్చేది సార్? పూజకు ముందు దుమ్ము దులపల్ల అని చెప్పి వచ్చి, పనిలో పనిగా వేసి పోయినా."

"ఆ పిల్లను పట్టుకెళ్తుంటే చూశావు."

"నన్ను అది ఎవురూ అడగల్యా సార్."

పోతులయ్య అతన్ని కొట్టలేదు. కొట్టకపోవడానికి చాలా కష్టపడ్డాడు. "కూర్చో. ఆ ప్రోగ్రామ్‌నే ఇప్పుడు నడుపు."

"ఆగండి" అన్నాడు మద్దిలేటి. "నడిపితే బిగుసుకుందనుకో?"

"అప్పుడు మీ జీపులో ఆ పిల్ల పక్కన నాకూ చోటివ్వండి."

వేణు చిన్న తెర ముందు కూర్చున్నాడు. తెర మీద ఒక మూల గడియారం, సెకన్లు మారుతున్నాయి. ఆజ్ఞ కొట్టాడు. చివరి కీ దగ్గర వేలు ఆగింది. అవ్వ కళ్లు మూసుకుంది. మద్దిలేటి పత్రికను చుట్టగా చుట్టి పట్టుకున్నాడు.

నొక్కాడు.

తెర మీద ఒక్క వరుస ఇంగ్లీషు పడింది. దాని కింద మళ్లీ ఖాళీ వరుస, తర్వాతి ఆజ్ఞ కోసం. గడియారంలో సెకను మారింది. ఇంకోటి మారింది.

"చంపేసింది సార్, ప్రోగ్రామ్‌ను" అన్నాడు వేణు. గొంతులో ప్రాణం వచ్చింది.

మద్దిలేటి మొండివాడే కానీ మొద్దు కాదు. "మీట నొక్కకుండా, కీబోర్డునుంచే ఆజ్ఞ ఇచ్చి దీన్ని ఆపి లేపచ్చా?"

వేణు పోతులయ్య వైపు చూశాడు. పోతులయ్య "నిజం చెప్పు" అన్నాడు.

"బిగుసుకున్నప్పుడు కుదరదు. బాగున్నప్పుడు లేపచ్చు సార్. అప్‌డేట్ వేసినంక అట్ల ఒకసారి లేపితేనే అది పనిచేసేది."

"అయితే బుధవారం పొద్దున నువ్వే ఈ కాపలాను వేసి, కీబోర్డునుంచి లేపి, ఇప్పుడు పూజకు ముందే వేసినానని చెప్తాండావేమో. ఎవురికి తెలుసు?" మద్దిలేటి పత్రికతో అరచేతిలో కొట్టుకున్నాడు. "ఏమప్పా డిటెక్టివూ?"

పోతులయ్య నవ్వలేదు కానీ మనసులో ఆ ప్రశ్నను మెచ్చుకున్నాడు. తాను ఆ కుర్చీలో ఉన్నా అదే అడిగేవాడు.

"స్వప్నను పిలిపించండి" అన్నాడు. "మంగళవారం గీస్తున్న అంచును సేవ్ చేయలేదంది. మీరు దాన్ని నటన అనుకున్నారు. మంగళవారం తర్వాత ఒక్కసారి ఇది ఆగి లేచినా, ఎలా లేచినా సరే, ఆ అంచు ఉండదు. అవునా వేణూ?"

"ఉండదు సార్. సేవ్ చేయనిదంతా పోతాది."

"ఉంటే?"

"ఉంటే ఆ పొద్దునుంచి ఇది ఆగలేదని. అప్‌డేట్ అంతకుముందే ఉన్నట్ల." వేణు ఈసారి అడగకుండానే ఇంకో మాట కలిపాడు. "ఆ తెర కాసేపు ముట్టకపోతే నల్లబడి తాళం పడతాది సార్. దాని పాస్‌వర్డు కొట్టినంకనే తెరుచుకునేది."

స్టేషను రెండు వీధుల అవతలే. స్వప్నను తీసుకొచ్చారు. వెనకాలే ఈరన్న, గుమ్మం దాటే ధైర్యం లేక అక్కడే నిలబడిపోయాడు. స్వప్నకు ఇరవై ఏళ్లు దాటవు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన బల్లను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఎవురైనా ఆపేసినారా సార్?"

"తెలియదమ్మా. నువ్వే చూడు."

ఆమె కూర్చుంది. పాస్‌వర్డు ఒకసారి తప్పు పడింది. రెండోసారి కొట్టింది.

నల్లటి తెర మీద గళ్లు పరచుకున్నాయి. గళ్లలో మామిడిపిందెల వరుస. ఒకటి, దాని పక్కన ఇంకోటి, ఆపైన తొడిమ ఉండి కడుపు లేని సగం పిందె. ఆ సగం దగ్గరే కర్సర్ గుర్తు మిణుకుమిణుకుమంటోంది, ఎక్కడ చెయ్యి తీసిందో అక్కడే.

స్వప్న రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఈరన్న గడప దాటి వచ్చేశాడు, ఎవరినీ అడగకుండా. "ఉండాదిరా తల్లీ, నీ అంచు ఉండాది" అంటున్నాడు, అది ఆమెకే తెలియనట్టు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పెట్టెకు నిజంగానే దండం పెట్టింది.

మద్దిలేటి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "బిగుసుకోనిదాన్ని ఆరున్నరకు బిగుసుకునింది, నా కండ్లముందే అన్నాడు ఆ తిరుపాల్."

"బిగుసుకుందన్న మాట అబద్ధమని అతనికే తెలియదు" అన్నాడు పోతులయ్య. "డిజైన్లు అమ్ముకుంటున్న దొంగ అతనే. స్వప్న పాస్‌వర్డు అతనికి తెలిసే ఉంటుంది. ఆరున్నరకు టైం పెట్టి, ఆరుకే పోయాడు. తెరలు చచ్చిపోతాయి, ఈమె పని చేస్తున్నానంటే ఎవరూ నమ్మరు. వెనక తలుపునుంచి వచ్చి కొట్టి, జనంతో కలిసి ముందు తలుపునుంచి వచ్చాడు. అప్పటికి తెరలు నల్లగా ఉన్నాయి, పెట్టె లైటు వెలుగుతూ ఉంది. అంతా తను అనుకున్నట్టే జరిగిందనుకున్నాడు. తర్వాత మీరు ఈ గది మూసేశారు, అతను మళ్లీ చూడలేదు."

ఫోన్ మోగింది. కానిస్టేబులు ఎత్తి పోతులయ్యకు ఇచ్చాడు. చిన్నమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "కండ్లు తెరిచినాడు సార్! నన్ను గుర్తుపట్టినాడు. మగ్గాలు నడస్తాండాయా అని అడిగినాడు సార్!"

పోతులయ్య ఫోన్‌ను అవ్వ చెవికి ఆనించాడు. అవ్వ వింటూ తల ఊపుతూ ఉంది. అతను పక్కకు తిరిగి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆరేళ్ల కిందటే ఆస్పత్రినుంచి ఇలాంటి ఫోన్ ఒకటి వస్తుందని అతను ఎదురుచూడటం మానేశాడు. తనకు కాకపోయినా, ఒకటి వచ్చింది.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. తిరుపాల్. నలిగిన చొక్కా, నాలుగు రోజుల గడ్డం, చేతిలో ఆస్పత్రి ఫ్లాస్కు. "సాక్షి కావల్లంటే వచ్చినా సార్..."

మాట ఆగిపోయింది. అతను పోలీసులను చూడలేదు, కుర్చీలో కూర్చున్న స్వప్ననూ చూడలేదు. తెరను చూశాడు. సగం పిందె పక్కన మిణుకుమంటున్న గుర్తును చూశాడు. ముఖంలో రక్తం దిగిపోయింది. బతికి ఉన్న కంప్యూటర్‌ను చూసి అంత భయపడిన మనిషిని పోతులయ్య ఎప్పుడూ చూడలేదు.

తిరుపాల్ వేణు వైపు తిరిగాడు. "ఏం జేసినావురా దీన్ని? ఎప్పుడు జేసినావు?"

"దుమ్ము దులిపినానప్పా" అన్నాడు వేణు.

మద్దిలేటి మెల్లగా పోయి తలుపు వేశాడు. పోతులయ్య స్వప్న కుర్చీ వెనకకు వచ్చాడు.

"ముందు అది సేవ్ చేసుకో తల్లీ."